మొదటి ర్యాంకు కళాశాలపై ఏడవ ఫిర్యాదు

కళాశాలల మదింపు విభాగం డైరెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జర్నలిజం కళాశాలల ర్యాంకుల పట్టికను నిలిపివేయుట, మా అమ్మాయి ఆచూకీ తెలుసుకొనుట గురించి.

తమ విభాగంలో పదకొండేళ్లుగా పట్టికలు తయారుచేస్తున్న గుమాస్తానైన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఫిర్యాదులు లేని కళాశాలకు మన పద్ధతి ప్రకారం ఇరవై మార్కులు. ఆఖరి ర్యాంకు కళాశాలపై నూటపన్నెండు వచ్చినవి. క్యాంటీను టీ మీదే పద్దెనిమిది. మొదటి ర్యాంకు కళాశాలపై సున్నా. ప్రశ్నించడమే చదువుగా చదివే పిల్లలు నాలుగు వందల మంది ఉన్నచోట సున్నా ఏమిటని నా బుర్రకు తట్టలేదు. పైగా నిరుడు నేను వేసిన ర్యాంకును నేనే నమ్మి మా అమ్మాయిని అక్కడ చేర్పించాను.

2. నిజానికి అక్కడి నుంచి ఈ ఏడాది ఏడు ఫిర్యాదులు వచ్చినవి. ఏడూ వెనక్కి తీసుకోబడినవి. అటువంటివి లెక్కలోకి రావు గనుక సున్నా వేసితిని. మొన్న ఫైలు తిరగేయగా ఏడు ఉపసంహరణ పత్రాలూ ఒకే చేతిరాతలో ఉన్నవి: "కోపంలో రాశాను. తప్పు నాదే. కళాశాల చాలా బాగుంది."

3. ఏడవది మా అమ్మాయి పేరున ఉన్నది. రాత ఆమెది కాదు. మాట అంతకన్నా కాదు. ఊహ తెలిసిననాటి నుంచి తప్పు తనదని ఒక్కసారి ఒప్పుకున్న పిల్ల కాదు. ఆమె అసలు ఫిర్యాదు రెండే వాక్యాలు: "మా తరగతిలో ఆరుగురు చదువు మానేసి ఇళ్లకు వెళ్లారని చెబుతున్నారు. వాళ్ల పెట్టెలు, చెప్పులు గదుల్లోనే ఉన్నాయి."

4. ఫిర్యాదు నకలును పేరుతో సహా ప్రిన్సిపాలుకు పంపవలెనని నిబంధన. ఆ కవరుకు చిరునామా అతికించినది నేనే. లోపల ఎవరి కాగితమున్నదో చూడలేదు. రోజుకు అరవై కవర్లు, చూడను. చూసి ఉండవలసింది.

5. అయిదు రోజులుగా ఆమె ఫోను పలకడం లేదు. హాస్టలు వార్డెను, "మీ అమ్మాయి చదువు మానేసి ఇంటికొచ్చేసింది కదండీ, మీకు తెలీదా?" అన్నది. ఇంట్లో మా ఆవిడ, "ఫస్టు ర్యాంకు ఇచ్చింది మీరేగా! అక్కడేం జరుగుతుందో మీకు తెలీదా?" అని ఏడుస్తున్నది.

6. పోలీసు స్టేషనుకు వెళ్లగా, "ఫస్టు ర్యాంకు కాలేజీ అండీ, అక్కడ అలాంటివేం జరగవు" అంటూ నేను తయారుచేసిన పట్టికనే నాకు చూపించారు.

కావున కొత్త పట్టిక అచ్చుకు వెళ్లకమునుపే ఆపి, ఆ హాస్టలు గదులు తెరిపించవలెను. ఆ పట్టిక చూసి ఇంకెందరు తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరతారో. నా ఉద్యోగం తీసేసినా సరే. నాకు భయంగా ఉందయ్యా.

ఒక తండ్రి గోడును ఇంక ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పట్టికల గుమాస్తా

తా.క.: ఇదీ ఫిర్యాదే గనుక దీని నకలు కూడా ప్రిన్సిపాలుకు వెళ్తుంది. నేను ఇప్పుడే అక్కడికి బయలుదేరుతున్నాను. టైపు చేయకుండా చేత్తో రాసింది అందుకే. రెండు రోజుల్లో నా పేరున ఉపసంహరణ పత్రం వస్తే, దయచేసి ఈ రాతతో పోల్చి చూడండి.