కినుయో పన్నెండో ఫోటో

మార్చి 3
మా ఆవిడ కినుయో గుండె ఆపరేషన్ పదకొండో తారీఖున. ఆసుపత్రి నుంచి బస్సులో వస్తూ, నా ఆఖరి ఫోటో మీరే తియ్యాలండీ అంది. ఒనోమిచి ఊళ్ళో మా మెట్ల వీధిలో డెబ్బై దాటినవాళ్ళందరికీ, పోయాక పువ్వుల మధ్య పెట్టుకునే ఫోటో బతికుండగానే నేనే తీసిచ్చాను. పెళ్ళాం ఫోటో మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. తీస్తే మనిషి పోతుందేమోనని. స్టూడియో నడిపినవాడికి ఇదేం పిచ్చో!

మార్చి 4
లెన్సు తుడిచాను. మళ్ళీ తుడిచాను.

మార్చి 5
రెండు లెన్సుల పాత కెమెరానే తీశాను. డిజిటల్‌ను నమ్మి కినుయోను అప్పగించలేను. వెడల్పు ఫిల్ము రోలు, పన్నెండే ఫ్రేములు.

ఊదారంగు కిమోనోలో కూర్చుంది. పదకొండు తీశాను. పదకొండింటిలోనూ పోలీస్ స్టేషన్‌కి పిలిపించిన మొహమే. కాస్త నవ్వవే అన్నాను. ఎవర్ని చూసి నవ్వను అని కస్సుమంది. ఈ కెమెరాతో తల వంచి, పైనున్న గాజులోకి చూసి తియ్యాలి. ఎప్పుడు ఫోటో తీసినా మీ బట్టతలే కదండీ నాకు కనిపించేది, దానికి నవ్వనా అంది. లేచి వెళ్ళిపోయింది.

మార్చి 7
నన్ను చూస్తూ తియ్యండి, లేకపోతే మానెయ్యండి అంది. మొండిఘటం. సరేనని కెమెరాను స్టాండుకి బిగించి, ఫోకస్ చేసి, ఫోటో నొక్కే కేబుల్ పట్టుకుని తలెత్తాను.

ముందు సిగ్గుపడింది, ఈ వయసులో! తర్వాత నవ్వింది. వంకర పన్ను కుడివైపని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఎడమవైపు! ఆ గాజులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. కినుయో నవ్వును నేను అందులోనే ఎక్కువ చూశాను కాబోలు.

నొక్కడం మర్చిపోయాను.

నొక్కారా అంది. లేదన్నాను. ఆయాసం వచ్చేదాకా నవ్వింది. నాకు భయమేసింది. మళ్ళీ కూర్చోవే అని బతిమాలితే ససేమిరా అంది. ఆ పన్నెండోది అలా ఉండనివ్వండి, ఆపరేషనయ్యాక ఇంటికొచ్చేది ఉందిగా, అప్పుడు తీద్దురుగానీ అంది.

మార్చి 9
ఫిల్ము రోలు తీసి కడిగితే ఏదో ఒక ఫోటో చేతిలో ఉంటుంది. ఏమైనా జరిగితే పువ్వుల మధ్య పెట్టడానికి. డార్క్‌రూమ్ దాకా వెళ్ళాను. కడిగితే, తను రాదని నేనే ఒప్పుకున్నట్టు. వెనక్కి వచ్చేశాను.

మార్చి 11, ఉదయం 8:20
లోపలికి తీసుకెళ్ళారు. కెమెరా నా ఒళ్ళో ఉంది. ఇక్కడ ఫోటోలు తియ్యకూడదు తాతగారూ అంది నర్సు. తియ్యనమ్మా, ఊరికే పట్టుకుని కూర్చుంటాను అన్నాను.

మధ్యాహ్నం 3:05
ఇంకా రాలేదు. కినుయో, నీ మొండితనం ఇప్పుడు చూపించవే.

మార్చి 12
కళ్ళు తెరిచింది. నా ఒళ్ళో కెమెరా చూసి దువ్వెన అడిగింది.