పిండి పట్టిన రోజు

జూన్ 6

హుసేన్‌బీ అక్క ఒప్పుకుంది! ...అంటే, సగం ఒప్పుకుంది. మా మిల్లు జొన్నపిండి గురించి తన వీడియోల్లో చెప్పమని, శేరిగూడ కాలేజీల దారిలో ఆమె రొట్టెల బండి దగ్గర నిలబడి అడగడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లు నా వైపు చూడనే లేదు. ఇవాళ పెంక మీద రొట్టె తిప్పుతూ — "ముందుగాల నెల రోజులు మా ఇంట్ల తింటం. మంచిగుంటే మంచిగుందని చెప్త. లేకుంటే గదే చెప్త. ఇష్టముంటే సంచి దించు, లేకుంటే పో."

దించాను.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఇబ్రహీంపట్నం దాకా నిలబడే వచ్చాను. కండక్టర్ అడిగితే గానీ తెలియలేదు.

జూన్ 8

అన్నకు చెప్పాను. "తిని చెప్తదా? గామె మనకు పరీక్ష పెడ్తదా?" మిల్లు నడిపేది అన్న. ప్యాకెట్లు, ఫోన్లు, ప్రచారం నావి. అన్న తొందర నాకు తెలుసు. పెద్ద కంపెనీల పిండి మా బజార్లోకే వచ్చి కూర్చుంది. ఈ ఏడాది మా పేరు నిలబడకపోతే మిల్లుకు తాళమే.

కానీ పోయినేడు సిటీ నుంచి వచ్చిన రీల్స్ అబ్బాయిని అప్పుడే మరిచిపోయాడా? నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, పిండి గాల్లోకి చల్లి, "వావ్" అని పోయాడు. వారం తిరక్కుండా ఇంకో కంపెనీ పిండికి అదే వావ్! మాకు మిగిలింది ఊడ్చుకోవడం.

ఒక్కరోజు పొగిడి పోయే మనిషి వద్దు నాకు. ఏడాది పొడుగునా మాతో ఉండే మనిషి కావాలి.

జూన్ 21

సాయంత్రం బండి దగ్గర గంటసేపు ఊరికే కూర్చున్నాను. లైట్లు లేవు, మైకు లేదు. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, "తిన్నరా బిడ్డా?" అని లైవ్ మొదలు. ఒక చేత్తో రొట్టె తడుతూనే, చూసేవాళ్లు అడిగినదానికి పేరు పెట్టి పిలిచి జవాబు. కరీంనగర్ నుంచి ఎవరో పలకరిస్తే — "చెయ్యి నొప్పి తగ్గిందా అక్కా?" ఆ నొప్పి సంగతి కరీంనగర్ ఆమె చెప్పింది పోయిన నెలలోనట! నేను ఈ ప్రచారం పనికి శిక్షణ తరగతులకు పోయి నోట్సు రాసుకున్నదాన్ని. సిగ్గేసింది, నిజంగా.

"రొట్టె ఇరిగితే ఏం చేస్తవ్ అక్కా, ఆ వీడియో తీసేస్తవా?" అన్నాను. "తీసేసుడు నాతోని కాదు. నాది చూసి రేపు వాళ్లింట్ల చేసుకుంటరు. ఇరిగింది గూడ తెల్వాలె గద."

జూలై 7

వచ్చింది! నెల దాటగానే వీడియో, అక్క ఇచ్చిన మాట ప్రకారం! "ఇబ్రహీంపట్నం మిల్లు పిండి. నెల తిన్నం. మా అత్తకు నోట్ల పండ్లు లేవు, ఆమె గూడ తిన్నది. తెలుపు జర తక్కువ. రుచి మస్తుంది." తెలుపు తక్కువ అన్నందుకు అన్న మొహం మాడ్చుకున్నాడు. ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. మధ్యాహ్నం అన్నం మాట ఇద్దరికీ గుర్తు లేదు.

జూలై 14

ఏడాది ఒప్పందం కాగితం రాసి తీసుకుపోయాను. తెలుగులోనే, ఒక్క పేజీ. సిటీ కంపెనీ ఏదో ఆమెను పిలిచిందట. కారు పంపుతారట. "కారెక్కి యాడికి పోవాలె, నా బండి ఈడుంటే?" నవ్వాను గానీ లోపల భయమే. కాగితం మడిచి పిండి డబ్బా కింద పెట్టింది. "చూస్త" — అంతే.

జూలై 23

రొట్టె విరిగింది. మా పిండి. అందరూ చూస్తుండగా.

జూలై 24

నిన్న అంతకు మించి రాయడానికి చేతులు రాలేదు. రొట్టె ఎత్తబోతే ఆమె చేతిలోనే మూడు ముక్కలు. రెండోదీ అంతే. మూడోదీ. ప్యాకెట్ ఫోన్‌కు చూపించి — "నిన్ననే వచ్చింది. తేదీ గూడ మొన్నటిదే. కానీ జిగి లేదు. ఎందుకో మిల్లోళ్లను అడిగి చెప్త." ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అన్న ఎగిరాడు. "తీసెయ్యమను! మన పిండి తిని మన మీదనే..." "మన పిండి తిన్నది గాబట్టే అన్నా, ఆమెకు తెలిసింది." కంచం తోసేసి లేచిపోయాడు.

తర్వాత ఒక్కదాన్నే మిల్లులో కూర్చుంటే వెలిగింది. నా బుద్ధి మండ! జూన్ చివర్లో మిల్లు రాయికి గాట్లు కొట్టించాలి, వారం మిల్లు ఆగుతుంది అని ముందే బస్తాలకు బస్తాలు పట్టి పెట్టుకున్నాం. అందులో రెండు మూలన మిగిలిపోయాయి. మొన్న ప్యాకెట్లు కట్టింది వాటినే. కట్టిన రోజు తేదీ ముద్ర కొట్టింది నేనే. ఎప్పుడూ అంతే కొడతాను — ఏ రోజుది ఆ రోజే పట్టి కడతాం గనుక రెండూ ఒకటే. జొన్నపిండి నిల్వుంటే జిగి పోయి రొట్టె విరుగుతుందని మిల్లింట్లో పుట్టిన నాకు తెలియదా! తెలిసీ ఠపీమని కొట్టేశాను.

జూలై 25

వెళ్లి అంతా చెప్పాను. "నాకెందుకు చెప్తున్నవ్? నేను చేసిన, ఇరిగింది, గంతే. వాళ్లకు చెప్పు." ఫోన్ నా వైపు తిప్పింది. చెప్పాను — తప్పు నాది, తేదీ నాది, పాత ప్యాకెట్ తెస్తే కొత్తది ఇస్తాం. మధ్యలో ఏడుపు తన్నుకొచ్చింది. "ఏడ్వకు, పిండిల పడ్తది" అంది. బండి చుట్టూ ఉన్న పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 30

బల్ల మీద కొత్త ముద్ర. 'పిండి పట్టిన రోజు' అని లావు అక్షరాలు. అన్నే చేయించుకొచ్చి పెట్టి వెళ్లిపోయాడు. మా అన్న!

పాత ప్యాకెట్లు కుప్పలుగా వస్తాయనుకున్నాను. వచ్చినవి కొన్నే. కొత్తగా అడిగేవాళ్లే ఎక్కువ. అందరిదీ ఒకటే ప్రశ్న — "ఎప్పుడు పట్టిందమ్మా?"

ఆగస్టు 6

సంతకం ఇంకా లేదు. సిటీ వాళ్లు మళ్లీ వచ్చి పోయారట. ఉండబట్టలేక అడిగేశాను. ఆమె ఎదురు అడిగింది. "నీకు రొట్టె చేసుడు వస్తదా?"

ఇంట్లో అమ్మ చేసేది, ఇప్పుడు వదిన చేస్తుంది. నేను... తింటాను.

"రాదు అక్కా."

"గందుకే గట్లయింది. రొట్టె చేసేటామెకు తేదీ అక్కర్లే, చెయ్యి పెట్టంగనే తెలుస్తది. వచ్చే బుధవారం రా. నా పక్కన నిలవడి చెయ్యి, వాళ్లు చూడని. గప్పుడు ఏడాది సంగతి మాట్లాడుదం."

ముందు ఒళ్లు మండింది. నేనేమైనా వంటమనిషినా? బస్సు ఎక్కాక చల్లబడ్డాను. ఆమె పేరు పక్కన మా పేరు ఏడాది ఉండాలంటే నేనెవరో ఆమె చూడొద్దా? ఇంత పట్టుదల గల మనిషి నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది!

ఆగస్టు 8

నాలుగు చేశాను. నాలుగూ విరిగాయి. రెండు వేళ్లు కాలాయి. వదిన నవ్వి నవ్వి గోడ పట్టుకుంది.

ఆగస్టు 11

"నీళ్లు మసలనియ్యి తల్లీ, ఏం తొందర?" — వదిన. ఇవాళ కూడా విరిగాయి. కాకపోతే రెండు ముక్కలే.

ఆగస్టు 13

పొద్దున ఆరు చేశాను. ఐదు విరిగాయి. ఆరోది విరగలేదు! పెంక మీద పొంగింది కూడా. ఎందుకు విరగలేదో తెలియదు... నీళ్లా, చెయ్యా, అదృష్టమా. అన్న వచ్చి ఆ ఒక్కదాన్నీ తినేశాడు. బాగుందనలేదు. "ఇంకోటుందా?" అన్నాడు.

బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. మధ్యాహ్నం పట్టిన పిండి ఒళ్లో ఉంది, ఇంకా వెచ్చగా తగులుతోంది. కాగితం ఇంకో ప్రతి కూడా తెచ్చాను. అడగను. ఆమె అడిగితే ఇస్తాను.

శేరిగూడ వచ్చేసింది. బండి కనిపిస్తోంది. ఫోన్ అప్పుడే ఉప్పు డబ్బాకు ఆనించి పెట్టింది... నిలబడే చోట నాకోసం పక్కకు జరిగి ఉంది.