ఒడ్డుకు తిరిగొచ్చిన బతుకమ్మ

వేల్స్, అక్టోబరు 1979

శకుంతలక్కా,

ఇక్కడ ఉండలేను, అన్నయ్యను పంపి నన్ను వరంగల్ తీసుకుపొమ్మని పోయిన ఉత్తరంలో ఏడుస్తూ రాశాను కదా. తర్వాత ఏం జరిగిందో విను.

సద్దుల బతుకమ్మ రోజు మీ మరిది దవాఖాన డ్యూటీకి సెలవు పెట్టి, నన్ను ఆంగ్లసీ దీవికి తీసుకెళ్లారు. అక్కడ సముద్రం నెలవంకలా ఒంపు తిరిగి ఉంటుంది. గట్టు మీద ముళ్లపొదలు అచ్చం తంగేడులా పసుప్పచ్చగా పూశాయి. ఆ పూలే కోసి, అట్టముక్క మీద బతుకమ్మను పేర్చాను. నీళ్లలో వదిలి "పోయిరా గౌరమ్మా" అన్నానో లేదో, అల దాన్ని నా కాళ్ల దగ్గరికే తెచ్చింది. మళ్లీ వదిలినా అంతే. గౌరమ్మకు కోపమొచ్చిందని భయపడి అక్కడే కూలబడ్డాను.

"గిది మన భద్రకాళి చెర్వా? నీళ్లు ఒడ్డుకొస్తానయ్. మర్లిపోయేదాక జర ఆగుదాం. అందాక ఆడుదాం పా" అని ఆయనే చప్పట్లు కొడుతూ నాతో బతుకమ్మ చుట్టూ తిరిగారు. ఒక్క అడుగూ సరిగా పడలేదనుకో. అమ్మకు చెప్పకు, "మొగోడు బతుకమ్మ ఆడుడేంది?" అంటుంది.

పొద్దుగూకే వేళకు నీళ్లు వెనక్కి మళ్లాయి. బతుకమ్మ నెమ్మదిగా వెళ్లిపోయింది.

అన్నయ్యను ఇప్పుడే రావద్దను. వచ్చే ఏటి బతుకమ్మకు మాత్రం గునుగు పూలు ఎండబెట్టి పంపు.

నీ చెల్లెలు