మేనత్త పళ్ళెం

కొలొవాయ్,
ఆగస్టు మొదటి ఆదివారం

నా లెసియేలీకి,

నీ తమ్ముడి పెళ్ళికి రావడం లేదని మీ నాన్నతో చెప్పించావు. సెలవు దొరకలేదట. ఇన్నేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, కుదరని సాకులు నాకు పంపకు. అసలు సంగతి చర్చిలో లావేనియా చెప్పింది. ఆక్లండ్‌లో నిన్ను చూసిందట. "ఒళ్ళు తగ్గడానికి పొట్టకి ఆపరేషన్ చేయించుకుని ఆరేళ్ళేగా, తగ్గిందంతా మళ్ళీ తెచ్చుకుంది పిల్ల" అని నలుగురిలో అంది. నేను కీర్తనల పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఆపరేషన్ అయిన మరుసటి ఏడు నువ్వు వచ్చినప్పుడు నీ గౌన్లన్నీ నేనే బిగించి కుట్టాను. ఎంత సంతోషంగా కుట్టానో నీకు చెప్పలేదు. డాక్టరు నీ కడుపును చిన్నది చేశాడు గాని నీ నోటికి కాపలా ఉండడు కదా. ఆ పని నీది. కోపంగానే రాస్తున్నాను. చక్కెర జబ్బు ముందు మీ తాతయ్య కాలు తీసుకుంది, తరువాత ఆయన్నే తీసుకుపోయింది. ఇంకొకరిని అలా సాగనంపే శక్తి నాకు లేదు.

పెళ్ళికి రా. కొత్త గౌను కుడతాను, కొలతలు పంపు. ఉన్నవి ఉన్నట్టు పంపు.

నీ నాయనమ్మ,
ఫూసిపాలా


కొలొవాయ్,
ఆగస్టు చివర

తల్లీ లెసియేలీ,

నీ ఉత్తరం అందింది. కొలతలు పంపమంటే మనసులో దాచుకున్నదంతా పంపావు.

"నేను దొంగచాటుగా తినలేదు నాయనమ్మా. మొదట్లో నాలుగు ముద్దలకే కడుపు నిండేది. మూడో ఏటి నుంచి తిన్న గంటకే ఆకలి. నా ఆశే అనుకుని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు" అని రాశావు. ఇప్పుడు కొత్త డాక్టరమ్మ నోట్లోంచి గొట్టం వేసి చూసి చెప్పిందంటున్నావు: మొదటిసారి కడుపు పైభాగాన కుట్టిన చిన్న సంచిని ఉండాల్సిన దానికన్నా పెద్దదిగా వదిలారు, దాన్ని పేగుతో కలిపిన దారి వెడల్పుగా ఉంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా సాగింది, అందుకే తిన్నది నిలవకుండా దిగిపోతోంది అని. ఆ దారిని బిగించి కుడతానంటే నువ్వు వద్దన్నావట. రెండోసారి అడిగే అర్హత నీకు లేదట.

పిచ్చిపిల్లా. నడుము వదులుగా కుడితే గౌను జారుతుంది. తొడుక్కున్నదాన్ని తిట్టి ఏం లాభం? తిండి విషయంలో నీ జాగ్రత్త నీకుండాలి, ఆ మాట వెనక్కి తీసుకోను. తప్పంతా నీదన్న మాట మాత్రం తీసుకుంటున్నాను.

పెళ్ళికి రాలేనని చెప్పడానికి నువ్వు రెండో కారణం కూడా రాశావు. "మేనత్త పళ్ళెం నిండా పెడుతుంది. ఆవిడ పెట్టింది కాదనే నోరు మన ఇంట్లో ఎవరికుంది?" నిజమే. మీ నాన్నకే లేదు, మనలో ఇంటి ఆడపడుచు మాటే పైమాట. అందుకని వంటపాకలోకి వెళ్ళాను. మీ మేనత్త అక్కడ కొబ్బరి తురుముతోంది.

"అకానేసీ, పెళ్ళిలో లెసియేలీకి ఏం పెడతావు?"

"అదేం ప్రశ్నమ్మా? పంది వీపు ముక్క, పెండలం, రెండు చేమాకు పొట్లాలు. నా మేనకోడలు ఆకలితో లేస్తే జనం నా మొహాన ఉమ్మరూ?"

దాని చేతిలో కోడిగుడ్డు పెట్టాను. పిల్ల కడుపు ఇంతే ఉండాలన్నాను. నువ్వు రాసిందంతా చెప్పాను.

"మరి కుట్టినవాణ్ణి వదిలేసి పిల్లని తిట్టావా?"

"తిట్టాను."

"నీకు వయసు మీద పడిందమ్మా."

నా కడుపున పుట్టింది గనక ఊరుకున్నాను. అది గుడ్డును అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది. ఏం చేస్తుందో నాకూ తెలియదు. అయినా రా.

నీ నాయనమ్మ,
ఫూసిపాలా


కొలొవాయ్,
అక్టోబరు, వాన పడుతోంది

బంగారూ,

రేపు నువ్వు ఆసుపత్రిలో చేరతావు. ఒప్పుకున్నందుకు నీకు ముద్దు. ఈ ఉత్తరం మీ మేనత్త చేతికిచ్చి పంపుతున్నాను.

పెళ్ళిలో నువ్వు తల దించుకుని కూర్చున్నావు, అందుకే అంతా చూడలేదు. నీ ముందున్న పళ్ళాలన్నీ మీ మేనత్త పక్కకి తీయించి, అరిటాకు ముక్కలో కాస్త చేప, వేలెడంత పెండలం పెట్టి, "మెల్లగా తిను. ఇక ఎవరూ ఏమీ పెట్టరు, ఇది నా మాట" అన్నది నువ్వు విన్నావు. లావేనియా తీపి గిన్నెతో వచ్చి, "ఒక్క ముక్కేగా అకానేసీ" అంటే, "ఆ ఒక్కటీ నువ్వే తిను. నిన్ను ఏ డాక్టరూ వద్దనలేదు" అన్నదీ విన్నావు. నీ పెదవి చివర నవ్వు చూశాను.

నువ్వు చూడనిది ఒకటుంది. నువ్వు ఆఖరి ముక్క నమిలి మింగేదాకా మీ మేనత్త తన పళ్ళెం ముట్టలేదు. పెద్దపీట మీదున్న మనిషి ముట్టకపోతే మిగతావాళ్ళు ఎలా తింటారు? పెళ్ళికొడుకు, పాస్టరుగారు, పందిరంతా నీ కోసం ఆగింది. పంది మాంసం చల్లారిపోయింది.

నిన్న నీ దగ్గరికి ప్రయాణానికని ఎప్పటిలాగే పెట్టె నిండా పెండలాలు, పొట్లాలు సర్దింది. సర్ది, ఒక్కొక్కటే బయటికి తీసింది. "ఏం తీసుకెళ్ళనమ్మా మరి?" అని చిన్నపిల్లలా అడిగింది. మన ఊరినుంచి ఆక్లండ్‌కి ఉత్త చేతులతో విమానం ఎక్కిన ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు.

మీ మేనత్త అలాగే వస్తోంది. ఆ చేతులు ఏం చేయాలో తెలియక తికమకపడతాయి. వాటిని పట్టుకో.

నీ నాయనమ్మ,
ఫూసిపాలా