కారం లేని కోడి

జనగామ, మంగళవారం

కడుపులో పుండుందని డాక్టరు కారం మాన్పించిన నాటి నుండి నా భార్య సరోజన సరిగా భోజనం చేయడం లేదు. చప్పటి కూర గొంతు దిగదంటుంది. అందుకే ఈ సాయంత్రం ఫోనులో చూసి, జపాను పద్ధతిలో కోడిని నేనే వండాను. సోయా సాసు, తేనె, అల్లం, వెల్లుల్లి, నువ్వుల నూనె పట్టించి, నానబెట్టి, ఓవెన్‌లో కాల్చాను. అయితే మన ఇంటి అలవాటు కొద్దీ ముందుగానే ఉప్పూ పసుపూ కూడా పట్టించాను. సాసులోనే ఉప్పుంటుందన్న సంగతి నాకు తోచనే లేదు.

మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఆమె నా వైపు చూసింది.

"ఏంది సారూ, దుకాణంల ఉన్న ఉప్పంత దీంట్లనే పోసినవా?"

ఇక తినదనుకున్నాను. ఆమె నవ్వుతూ పెరుగన్నం కలుపుకుని, ఆ ముక్కనే నంజుకోసాగింది.

ఇన్నేళ్ల కాపురంలో కందనకాయను ఆమె ఎప్పుడూ నా పళ్లెంలోనే వేసేది. నేడు నేను ఆమె పళ్లెంలో వేశాను.

"గిది నీదయ్యా!"

"ఇయ్యాల వడ్డించేది నేను. సప్పుడు చేయకుండ తిను."

సగం కొరికి, మిగిలిన సగం నాకిచ్చింది. ఆ తరువాత, ఎన్నాళ్లకో, మారు అన్నం అడిగింది. ఆమె పళ్లెం ఖాళీ అయ్యే వరకు నా భోజనం సంగతే నాకు గుర్తు రాలేదు.