కప్పు గెలిచిన పుంజు ముక్కు

మీరు పోయి ఏడాది. ఈరోజు మీ ఫొటోకి దండ వేయలేదు.

నిన్న తూప్రాన్‌లో చిలకముక్కు కోళ్ల పోటీ జరిగింది. మన ఎర్ర పుంజును మీ తమ్ముడు తీసుకెళ్లాడు. జడ్జి దాని ముక్కును వేలితో తడిమి చూసి పక్కన పెట్టేశాడు. ఆకురాయితో అరగదీసి వంపు తెచ్చాడట మీ తమ్ముడు.

"అందరి ముందట ఇజ్జత్ తీసినవ్ గద!" అని ఇంటికి రాగానే నిలదీశాను.

"నా మీద లేస్తవేంది వదినె? అన్న గూడ గట్లనే ముక్కు అరగదీసెటోడు. అన్న పుంజుకు ఆ కప్పు ఎట్లొచ్చిందనుకున్నవ్?"

ఆ కప్పు గెలిచిన పుంజు నుంచే మన కోళ్లన్నీ పుట్టాయి. దాన్ని నన్ను ముట్టనిచ్చేవారు కాదు. 'ముక్కు: పూర్తి వంపు' అని మీరు చెబితేనే నోటుబుక్కులో రాశాను. కోడిపిల్లలకు ముక్కు తిన్నగా వచ్చినప్పుడల్లా "తల్లిదే లోపం" అన్నారు. అదీ రాశాను. అలా పదకొండు పెట్టలను నా చేత్తోనే కోసి వండాను. నల్లపెట్టను వండిన రోజు నాకు ముద్ద దిగలేదు. మీరు మాత్రం రెండోసారి వడ్డించమన్నారు.

ఇవాళ నోటుబుక్కు తీసి, ఆ పదకొండు పెట్టల పక్కన 'లోపం' అన్న మాట కొట్టేశాను. మీ పుంజు పక్కన రాశాను.