ప్యారిస్ కొలత

సోమందేపల్లె, 2006 మే, శుక్రవారం

ఈ రోజు మా మరిది ఓబులేసు మీద కసి తీర్చుకున్నాను. ప్యారిస్‌లో ఏదో ప్రపంచ ప్రఖ్యాత హోటల్లో తిని వచ్చినప్పటి నుంచీ, నా మెస్‌లో లారీ డ్రైవర్ల ముందే నా రాగి సంగటిని పశువుల మేత అంటున్నాడు. మధ్యాహ్నం ఆకలితో వచ్చి కూర్చున్నాడు. పెద్ద పళ్ళెం నడుమ నిమ్మకాయంత సంగటి, పక్కన ఒక్క చుక్క చెనిక్కాయల చట్నీ పెట్టాను.

"ఏంది వదినా ఇది?"

"ఆడ ఇంతే పెడతారని నువ్వే చెప్తివి కదప్పా! తిను."

డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఓబులేసు తల దించుకుని తిన్నాడు.

"అన్ని దుడ్లు పోసినా ఆడ కడుపు నిండలేదు వదినా. సిగ్గుతో ఎవరికీ చెప్పలేకపోయినా" అన్నాడు మెల్లగా.

ఇంకో ముద్ద కోసం పళ్ళెం ముందుకు జరిపాడు. నేను సంగటి గిన్నె మీద మూత పెట్టేశాను. తప్పేనేమో... అయినా జాలి కలగడం లేదు.